రెండు వేళ్ళ చోటు

పరాంకుశం గారికి ప్రశ్నలంటే ఇష్టమే గాని, వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించి ఊరుకునేవారు. అనకాపల్లిలో ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకుంటున్న నరహరి ఒకనాడు పాఠం ముగిశాక అడిగాడు.

"తప్పు కనబడ్డాక దాన్ని కప్పిపుచ్చడం అబద్ధం కాదా, గురువుగారూ?"

అలా అడగడానికి కారణం ఉంది. బెల్లం వ్యాపారం మానుకుని డెబ్భయ్యో ఏట చదువు మొదలుపెట్టిన గవరయ్య, క్రితం వారం ఒక శ్లోకాన్ని తప్పు చదివాడు. నరహరి అందరి ముందూ దిద్దాడు. దిద్దింది సరైనదే. కాని గవరయ్య పుస్తకం మూసి ఇంటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ రోజు నుంచి నరహరికి మనసు కుదురుగా లేదు, అలాగని తాను చేసింది తప్పనీ ఒప్పుకోలేకపోతున్నాడు.

గురువుగారు పడమటి కిటికీ వైపు చూశారు. ఎండ కళ్ళలో కొడుతోందని దానికి కొత్తగా చెక్క పలకల తెర కట్టించారు. కట్టినవాడు వడ్రంగి దావీదు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పాక, ఎనిమిది నెలలకు అతను చేసిన మొదటి పని అది. తాడు లాగితే పలకలన్నీ ఒక్కసారిగా, చప్పుడు లేకుండా తిరిగేవి. కాని తెరకు పైన, గోడ మీద, గురి తప్పి పడిన నాలుగు చిల్లులు లప్పం పూసినా కనబడుతూనే ఉన్నాయి. గురుపత్ని పాత మంగళగిరి చీర అంచుతో, కడ్డీకి వేలాడే కుచ్చుల గుడ్డలా, ఒక జాలరు కుట్టి ఇచ్చారు. దాన్ని ఆ చిల్లులనూ తెర పైభాగాన్నీ కప్పేలా బిగించమని గురువుగారు నరహరికి చెప్పారు.

నరహరికి నచ్చలేదు. తానడిగిందేమిటి, ఈయన చేయమంటున్నదేమిటి అనుకుంటూనే స్టూలెక్కాడు. చిల్లు ఒక్కటి కూడా కనబడకూడదని జాలరు కడ్డీని తెరకు ఆనించి గట్టిగా బిగించాడు. చూడ్డానికి చక్కగానే ఉంది. మర్నాడు పాఠం మధ్యలో ఎండ తిరిగింది. తాడు లాగితే పై పలకలు గుడ్డలో చిక్కుకుని కదలలేదు. మిగతావాళ్ళు కళ్ళకు పైట కొంగులూ పుస్తకాలూ అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నరహరి సిగ్గుపడి దావీదుకు కబురు పెట్టాడు.

దావీదు వచ్చి జాలరు వంకా, గోడ వంకా చూశాడు. దేన్ని కప్పడానికి కట్టారో అతనికి తెలిసిపోయింది. నరహరి తలదించుకున్నాడు.

"ఆ చిల్లులు నావే బాబూ," అన్నాడు దావీదు నెమ్మదిగా. "కప్పుకోండి, తప్పులేదు. అయితే రెండు వేళ్ళ చోటు ఒదిలి కప్పాలి. పలక తిరగొద్దా?"

కడ్డీని ముందుకు నెట్టడానికి చిన్న చెక్కముక్కలు రెండు కోసుకున్నాడు. డ్రిల్లు మిషను ఎత్తగానే చెయ్యి వణికింది. నరహరి దగ్గరగా జరిగి, అతని మోచేతి కింద తన అరచెయ్యి పెట్టాడు. మొదటి చిల్లు గుర్తు మీదే పడింది. రెండోదీ అంతే. దావీదు గోడ వంక కాసేపు చూసి, పనిముట్లు సర్దుకుంటూ తనలో తను నవ్వుకున్నాడు. జాలరు కట్టి తాడు లాగితే పలకలు గుడ్డను తాకకుండా తిరిగాయి. గదిలోకి చల్లటి నీడ వచ్చింది.

అతణ్ణి వీధి చివరిదాకా సాగనంపి వచ్చి, నరహరి గురువుగారి దగ్గర సెలవు తీసుకున్నాడు. గవరయ్య ఇంటికి వెళ్తున్నానని, ఆయన చదివిన శ్లోకంలో తప్పేమీ లేదని చెప్పి రేపటి పాఠానికి పిలుచుకొస్తానని అన్నాడు.

దావీదు మాటలన్నీ వింటూనే ఉన్న పరాంకుశం గారు పుస్తకంలోంచి తలెత్తారు.

"తప్పు లేదని చెప్పకు నాయనా. ఆయనకూ రెండు వేళ్ళ చోటు ఒదులు, చాలు."