రెండు డబ్బాలు, ఇద్దరు అక్కచెల్లెళ్లు

మెహరున్నీసా మేడం దగ్గర బ్యూటీషియన్ పని నేర్చుకునేవాళ్లు ప్రశ్న అడిగే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆవిడ జవాబు చెప్పదు, పని చెబుతుంది.

గుంటూరులో ఆవిడ పార్లర్‌కి ఆదివారం సెలవు. ఆ రోజు ఆఖరి పాఠానికి వచ్చిన హైమావతి చేతిలో ఆర్డరు కాగితం ఉంది. సంతకం పెడితే ఖరీదైన క్రీముల సెట్టు ఇంటికొస్తుంది, మూడేళ్లు జాకెట్లు కుట్టి దాచుకున్నదంతా పోతుంది. సంతకం పెట్టకపోతే తను తెరవబోయే పార్లర్‌కి ఎవరూ రారేమోనని భయం.

"మేడం, ఖరీదైనవి నిజంగా చవకవాటికంటే బాగా పనిచేస్తాయా?"

మేడం అల్మరాలోంచి బంగారు మూత ఉన్న గాజు సీసా ఒకటి, మామూలు ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసి బల్లమీద పెట్టింది. మిర్చి యార్డులో పనిచేసే అక్కచెల్లెళ్లిద్దరికి ఈ ప్రశ్న వస్తుందని ఊహించి ముందే కబురు పంపినట్టుంది, వాళ్లూ వచ్చారు. ఆడదాని చర్మం గురించి ఊరంతా సలహాలిస్తుంది గానీ, రోజంతా కారం ధూళిలో మండే ఈ మొహాల గురించి ఏ ప్రకటనా మాట్లాడదు.

"పెద్దదాన్ని, గాజు సీసా నాకే" అని రూతమ్మ ముందే పడుకుంది.

"పెళ్లిలో పట్టుచీరా నీకే, ఇక్కడ సీసా కూడానా!" అంటూ చెల్లెలు ఎలీసమ్మ పక్క బల్ల ఎక్కింది.

హైమావతి ఇద్దరికీ ఫేషియల్ చేసింది. అయ్యాక అద్దం తెచ్చింది. రూతమ్మ మొహం నిగనిగలాడుతోంది. ఎలీసమ్మ మొహం కడుక్కున్న మొహంలా ఉంది, అంతే.

"చూశారా మేడం!" అంది హైమావతి. కలం కూడా తీసింది.

"చూశాను. పొద్దున ఒకే డబ్బాలోంచి రెండిట్లోకీ నేనే నింపాను. రెండూ చవక క్రీమే."

హైమావతి మూత తీసి వాసన చూసింది. రెండోదీ చూసింది. "మరి ఈవిడ మొహం ఎలా మెరిసింది?"

ఎలీసమ్మ లేచి కూర్చుంది. "ఎలాగేంటమ్మా? అక్క మొహాన్ని పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు నిమిరావు. నా మొహమ్మీద పిడకలు చరిచావు. అక్కకి ముప్పావుగంట, నాకు పావుగంట!"

రూతమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మేడం నవ్వింది. హైమావతి తన వేళ్లకేసి చూసుకుంది. ఎవరూ చెప్పకుండానే అవి సీసాని బట్టి నడిచాయి. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి, ఆ వెంటనే తనకీ నవ్వు ఆగలేదు.

"పడుకో పిన్నీ, మళ్లీ చేస్తాను."

"ఈసారి పిడకలొద్దు తల్లీ."

ఈసారి ఆ ప్లాస్టిక్ డబ్బాతోనే నుదురు, కణతలు, ముక్కు పక్కలు, మెడ, ఒక్కటీ వదలకుండా చేసింది. మధ్యలో ఎలీసమ్మ గురక పెట్టింది. యార్డులో చేరాక పట్టపగలు నిద్రపోవడం ఇదే మొదటిసారని రూతమ్మ గుసగుసగా చెప్పింది. ఎలీసమ్మ లేచి అద్దం చూసుకుని, దాన్ని అక్క మొహం ముందు పెట్టి, మళ్లీ తన ముందు పెట్టుకుంది.

"చూడు, ఇప్పుడు మళ్లీ నాకంటే చిన్నదైపోయింది!" అని అక్క మొత్తుకుంది.

వాళ్లిద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూ వెళ్లిపోయారు. హైమావతి కలం మూత పెట్టి, ఆర్డరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"మరి నా పార్లర్‌కి ఏం కొనుక్కోమంటారు మేడం?"

మేడం చేతులు తుడుచుకుంటూ అంది: "ముందు ఓ గోడగడియారం కొను. పడుకున్నవాళ్లకి కనబడే చోట తగిలించు."