అనుమతి అడిగే యంత్రం

విరజ తొమ్మిది రోజులుగా ఆశ్రమం కంప్యూటరుతో కుస్తీ పడుతోంది.

నాగావళి ఒడ్డునున్న ఆ ఆశ్రమంలో అందరూ ఆడవాళ్లే. కంప్యూటరు మాత్రం నది అవతలి పీఠం స్వామి దానం చేసినది. తెరిస్తే ముందు ఆయన ఫొటో, వెంటనే ఆయన ప్రవచనం, దాని వెనక పంచాంగం, జాతకాలు, ఒకదాన్నొకటి అనుమానించుకునే మూడు యాంటీవైరస్‌లు. స్విచ్ వేసి పొయ్యి మీద పప్పు పెడితే, పప్పు ఉడికాక తెర కదిలేది.

ఏది తీసేయబోయినా యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది. యజమాని అంటే స్వామి. విరజ పడవెక్కి వెళ్లి పీఠం వరండాలో నిలబడితే, ఆయన తీరిక చూసుకుని ఆమెతో ఆశ్రమానికి వచ్చేవాడు. ఎడం చేత్తో మీటలు కప్పుకుని కుడిచేత్తో పాస్‌వర్డ్ కొట్టేవాడు. "ఆడవాళ్లకి ఇవన్నీ ఎందుకు తల్లీ" అని నవ్వి వెళ్లేవాడు.

ఆ కంప్యూటరులోనే విరజ ఏడేళ్ల పని ఉంది. ఆశ్రమంలో ముసలి సన్యాసినులు పాడిన తత్వాలన్నీ విని ఎక్కించింది. పాడినవాళ్లలో నలుగురు ఇప్పుడు లేరు. వేరేచోటికి ఎక్కించుకుందామన్నా అది అనుమతే అడుగుతుంది. రోజుకి మూడుసార్లు కొయ్యబారిపోతోంది. ఏ రోజు ఇక లేవదోనని ఆమె భయం.

పదో రోజు పొద్దున గురువు తారకాంబ దగ్గర కూర్చుంది.

"అమ్మా, నిన్నటికి పదకొండు ప్రోగ్రాములు తీసేశాను. ఇంకో నలభై ఉన్నాయి. ఇవాళ మళ్లీ పడవెక్కుతాను. ఓపిక నాకు పుట్టుకతో వచ్చింది" అంది, కాస్త గర్వంగానే.

"ఓపిక మంచి నగే. నీకు చేయించినవాళ్లు దాన్ని ఎప్పుడైనా పెట్టుకోగా చూశావా?"

తారకాంబకి డెబ్బై రెండేళ్లు. మోకాళ్లు పట్టుకుని లేచింది. తన ట్రంకుపెట్టెలోంచి రెండు పెన్‌డ్రైవ్‌లు తీసి, ఒకటి కంప్యూటరుకి గుచ్చి, స్విచ్ వేసి, ఒక మీట టకటకా నొక్కింది. ఈసారి కంప్యూటరు పెన్‌డ్రైవ్‌తోనే తెరుచుకుంది. స్వామి ఫొటో రాలేదు. పాస్‌వర్డూ అడగలేదు.

విరజ గురువు వైపు తిరిగింది. "మీకిది వచ్చా?"

"సన్యాసానికి ముందు పాలిటెక్నిక్‌లో పద్దెనిమిదేళ్లు ఇదే పాఠం చెప్పాను."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగింది స్వామిని." తారకాంబ తెర చూపించింది. "ఇందులో నీది ఏది?"

"తత్వాలు."

వాటిని రెండో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, చివరి తత్వం తెరిచి చూపించి, దాన్ని విరజ చేతిలో పెట్టింది. తర్వాత ఇంకేదో నొక్కింది. మొత్తం చెరిపేయనా అని తెర అడిగింది.

విరజ ఆమె మణికట్టు పట్టేసుకుంది. గురువుని అలా పట్టుకోకూడదని కూడా తోచలేదు.

"అమ్మా, స్వామివారి ప్రవచనాలు... ఆయన్ని అడగకుండా..."

"ఆయన దగ్గర లేవా?"

"ఉన్నాయి."

"ఈ కంప్యూటరు మనకి ఇచ్చాడా, మన దగ్గర దాచుకున్నాడా?"

"ఇచ్చారు."

తారకాంబ రెండో చేత్తో నొక్కేసింది.

విరజ గోడకి జారగిలబడింది. తొమ్మిది రోజులు పడవెక్కింది, తొమ్మిది రోజులు వరండాలో నిలబడింది. ఒక్క మీట.

అరగంటకి కొత్త తెర వచ్చింది. యజమాని పేరు రాయమంది. తారకాంబ లేచి విరజని కుర్చీలో కూర్చోబెట్టింది.

విరజ 'తారకాంబ' అని కొట్టింది.

తారకాంబ వంగి ఒక్కో అక్షరమే చెరిపేసింది. పక్కనే నిలబడింది.

చాలాసేపటికి విరజ తన పేరు కొట్టింది. అది ఎవరిదో అన్నట్టు చూస్తూ ఉండిపోయింది. ఈలోగా తెర పాస్‌వర్డ్ పెట్టుకోమంది.

"ఏం పెట్టమంటారమ్మా?"

తారకాంబ అప్పటికే గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"నాక్కూడా చెప్పకు" అంది.