లోయ దాటి వచ్చిన వాన

అచ్యుతానందుల వారి ఆశ్రమం నల్లమలలో, కృష్ణ లోతుగా పారే లోయ అంచున ఉండేది. ఒక ఉదయం సర్వోత్తమరావు అనే శిష్యుడు ఆయన దగ్గర కూర్చుని, చాలాకాలంగా తనను తొలిచేస్తున్న మాట బయటపెట్టాడు.

"స్వామీ, పూజలో కూర్చుంటే నా మనసు కదలదు. ఈ లోయ అంచున నిలబడితే మాత్రం ఒళ్లు పులకరిస్తుంది, కళ్లు చెమరుస్తాయి. అప్పుడు ఏ దేవుడూ గుర్తుకురాడు. అది భక్తేనా, లేక కళ్లు చేసే మాయా?"

గురువుగారు ఒకప్పుడు ఆశ్రమానికి వచ్చిన నాంచారమ్మ సంగతి చెప్పారు.

ఆమెది కంభం దగ్గర పల్లె. ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయింది. ఏడవనైనా ఏడవకుండా, నోరు తెరిచి అన్నమైనా అడగకుండా బిగుసుకుపోయిన మనిషిని చెల్లెలు ఆశ్రమానికి తీసుకొచ్చింది. హారతి వేళ నాంచారమ్మ లేచి బయటికి వెళ్లిపోయేది. "ఆయనకు ఇంక దండం పెట్టను. నా బిడ్డను నన్నడిగి తీసుకుపోయాడా?" అనేది. గురువుగారు ఆమెను బలవంతపెట్టలేదు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఆమె బండల మీద బట్టలు ఆరేస్తోంది. గురువుగారు పక్కనే ఉన్నారు. అవతలి కొండల మీద వాన మొదలైంది. తెల్లటి తెరలా కదిలి, ఒక్కొక్క కొండనూ కమ్ముకుంటూ లోయలోకి దిగింది. కింద నది రంగు మారింది. వానకు ముందే చిలకల గుంపొకటి అరుచుకుంటూ వాళ్ల తలల మీదుగా దూసుకుపోయింది. చల్లటి గాలి, దాని వెంట మట్టి వాసన, ఆ తర్వాత చినుకులు. నాంచారమ్మ బట్టల సంగతే మరిచి, తడుస్తూ నిలబడిపోయింది. ఆమె చేతులు రెండూ వాటంతటవే జోడయ్యాయి.

కొంతసేపటికి వాటిని చూసుకుని ఉలిక్కిపడి విడదీసుకుంది. "చూశావా సామీ, ఈ చేతులు ఎంత పని చేశాయో!"

"నేను వాననే చూస్తున్నానమ్మా" అన్నారు గురువుగారు.

ఆమె మళ్లీ లోయవైపు తిరిగింది. "ఎంత బాగుంది సామీ! నా బిడ్డ లేకపోయినా ఇది ఇంత బాగుంటుందా?"

"బాగుందమ్మా" అన్నారాయన. అప్పుడామె బండ మీద కూలబడి, వాన వెలిసేదాకా బిగ్గరగా ఏడ్చింది.

ఇంతవరకు చెప్పి గురువుగారు ఆగారు. సర్వోత్తమరావు ఉండబట్టలేకపోయాడు.

"అయితే స్వామీ, దేవుడి మీద ఆమెకున్న కోపం పోయినట్టేనా?"

"అది నేనడగలేదు నాయనా. ఆ సాయంత్రం వంటింటి గడపలోకి వచ్చి, ఆకలేస్తోంది, ఏమన్నా ఉంటే పెట్టండి అంది."