గరిగె సుంకులమ్మ పెట్టిన కుదువ

ఎన్నడో ఒకనాడు. అప్పుడు ఏ రాజు ఏలాడో చెప్పేవాళ్ళు లేరు. ఏ కరువు నడిచిందో చెప్పేవాళ్ళు లేరు. గరిగె సుంకులమ్మ సంగతి చెప్పేవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. వాళ్ళు ఉండగానే వినాలి.

ఎర్రకొండ కింద మూడు ఊళ్ళుండేవి. ఎగువూరు, నడిమూరు, దిగువూరు. మూడు ఊళ్ళలోనూ బావులు లోతు. రాయి వేస్తే నీళ్ళ చప్పుడు వినబడేలోగా ఒక వక్క నమిలేయొచ్చు అనేవాళ్ళు. అంత లోతు బావిలో చేద జారిపడితే ఎవరు దిగుతారు? అందుకు పాతాళగరిగె కావాలి. ఇనుప కడియానికి చుట్టూ కొక్కేలు వేలాడే పనిముట్టు అది. తాడు కట్టి బావిలోకి వదిలి తిప్పితే, అడుగున పడిన చేదను పట్టుకుని పైకి తెస్తుంది.

మూడు ఊళ్ళకూ కలిపి ఒకటే గరిగె. అది నడిమూరిలో సుంకులమ్మ గుడిసె దూలానికి వేలాడేది. ఆమెకు అత్త ఇచ్చింది, ఆ అత్తకు వాళ్ళత్త ఇచ్చింది. మొగుడు లేడు, పిల్లలు లేరు. కూలికి పోయేది, సంగటి కెలుక్కునేది, గరిగె చూసుకునేది.

గరిగె కావాలంటే ఒక సామాను కుదువ పెట్టాలి. "చెంబు పెట్టు, గరిగె తీసుకుపో. గరిగె తే, చెంబు తీసుకుపో." అదే మాట రెడ్డికీ, అదే మాట కూలోడికీ.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం దిగువూరి కోడలు ఈరమ్మ వచ్చింది. చేతిలో నొక్కుపడిన ఇత్తడి చెంబు.

"అక్కా, ఇది పెట్టుకో."

సుంకులమ్మ జొన్నల్లో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. "ఆడ పెట్టు పాపా. గరిగె దూలానికుంది, తీసుకో."

ఈరమ్మ కొంచెంసేపు నిలబడింది. తర్వాత పోయింది.

పొద్దు వాలాక చూస్తే గరిగె దూలానికే ఉంది. 'మరిచిపోయినట్టుంది. రేపొస్తుందిలే' అనుకుంది సుంకులమ్మ.

రేపు వచ్చింది. ఈరమ్మ రాలేదు. కబురు వచ్చింది. ఈరమ్మ ఇక లేదు.

సుంకులమ్మ చెంబు తీసుకుని దిగువూరికి పరుగెత్తింది. అత్తగారింటివాళ్ళు "అది మాకొద్దు" అన్నారు. చెంబు తిరిగి సుంకులమ్మ గూట్లోకే వచ్చింది.

ఆమె ఆ చెంబు ఎదుట కూర్చుని మూడు రోజులు ఆలోచించింది. 'గరిగె తీసుకోకుండా కుదువ పెట్టింది. అంటే ఆ పిల్ల గరిగె కోసం రాలేదు. నా కోసం వచ్చింది. నేను జొన్నలు చూసినానే గానీ మొహం చూడలేదు.' నాలుగో రోజు లేచింది. ఇంక ఏ చెంబూ ఇట్లా మిగలకూడదనుకుంది.

ఆనాటినుంచి ఏ ఇంట్లో మనసు చెదిరిందన్నా సుంకులమ్మ పోయేది. పిలిచినా పోయేది, పిలవకపోయినా పోయేది, పొమ్మన్నా పోయేది.

ఎగువూరిలో మద్దిలేటి అనే సేద్యగాడు. ఆ ఏడు కరువుకు అతని ఎద్దులు రెండూ చచ్చిపోయాయి. అతను మిద్దె ఎక్కి కూర్చున్నాడు. దగ్గరికొచ్చిన వాళ్ళమీద రాళ్ళు విసురుతున్నాడు. కింద ఊరంతా చేరింది. ఒకడు వేపమండలు తెచ్చాడు, ఒకడు బూడిద తెచ్చాడు, రెడ్డి తాడు తెప్పించాడు.

"కట్టి పడేయండి!" అన్నాడు రెడ్డి.

"ఆ తాడు నాకీయి రెడ్డీ" అంది సుంకులమ్మ. "తాడు గరిగెకు కట్టేది. మనిషికి కాదు."

తాడు చుట్టి చంకలో పెట్టుకుంది. మిద్దె కింద, రాళ్ళు పడేచోటే కూర్చుంది.

"ఎవరే నువ్వు?" పైనుంచి అరిచాడు మద్దిలేటి.

"గరిగె సుంకులమ్మను."

"నా బావిలో ఏమీ పడలేదు. పో!"

"పడలేదులే నాయనా. కాళ్ళు నొస్తున్నాయి, కూర్చుంటా."

ఒక రాయి వచ్చి పక్కన పడింది. ఆమె కదల్లేదు.

"అందరూ నన్ను పిచ్చోడంటున్నారు."

"ఇప్పుడు నన్ను కూడా అంటారు. రాళ్ళు పడేచోట చూస్తూ చూస్తూ కూర్చున్నానని."

పైన నవ్వులాంటిది ఒకటి వినబడింది. సుంకులమ్మ చంకలోని తాడు ఒళ్ళో పెట్టుకుంది. గరిగె పని ఆమెకు తెలుసు. తొందరపడి లాగితే చేద జారుతుంది. అడుగు తగిలేదాకా వదలాలి. తగిలాక ఊరుకోవాలి. నీళ్ళు తేరుకున్నాకే మెల్లగా తిప్పాలి.

చాలాసేపటికి మద్దిలేటి అన్నాడు. "అక్కా, ఎద్దులు అరుస్తున్నాయి. దప్పిక అంటున్నాయి."

కింద ఎవరో కిసుక్కుమన్నారు. సుంకులమ్మ నవ్వలేదు. ఎద్దులు లేవురా అనలేదు.

"ఎన్నాళ్ళ నుంచి నాయనా?"

"మూడు రోజులు."

"నువ్వు నీళ్ళు తాగి ఎన్నాళ్ళయింది?"

అతను వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. "మూడు రోజులు."

"అయితే దిగు. ముందు నువ్వు తాగు."

అతను దిగాడు. తాగాడు. ఏడ్చాడు. సుంకులమ్మ పొద్దువాలేదాకా ఉంది. అప్పుడు తన ఇంటికెళ్ళి సంగటి తెడ్డు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు. రేపొచ్చి తీసుకుంటా. నేనొచ్చేదాకా నువ్వుండాల. లేకుంటే నా సంగటి సంగతి ఏంది?"

మరునాడు వచ్చింది. "తెడ్డు ఇదిగో అక్కా" అన్నాడు. "ఈ పూట చేతులు ఖాళీ లేవు నాయనా. రేపొచ్చి తీసుకుంటా." ఆ మరునాడూ అంతే. వారాలు పోయాయి, వానలు పడ్డాయి, మద్దిలేటి అరువు ఎద్దులతో మళ్ళీ మడక పట్టి దున్నాడు. తెడ్డు అతని ఇంట్లోనే ఉంది. సుంకులమ్మ కందికట్టెతో సంగటి కెలుక్కుంది.

ఆమె నడవని దారి లేదు ఆ మూడు ఊళ్ళ మధ్య. ఒక ఇంట్లో దీపపు కుందె పెట్టింది. ఒక ఇంట్లో చాట పెట్టింది. ఒక ఇంట్లో రోకలి పెట్టింది. "ఆ ఇంట్లో ఏమైందక్కా?" అని ఎవరైనా ఆరా తీస్తే ఒకే జవాబు. "చేద పడింది. తీసినాం."

అట్లా నడుస్తూ నడుస్తూ ఆమె నడుము వంగిపోయింది. ఇల్లు ఖాళీ అయిపోయింది. గూట్లో ఈరమ్మ చెంబు ఒక్కటే మిగిలింది.

అప్పుడు నడిమూరిలో పుల్లక్కకు తొలికాన్పు బిడ్డ పోయింది. పుల్లక్క మాట మానేసింది, తిండి మానేసింది, గోడవైపు తిరిగి పడుకుంది. సుంకులమ్మ మొదటిరోజు వచ్చి కూర్చుంది. రెండోరోజు వచ్చి కూర్చుంది. మూడోరోజు చెంబు తెచ్చి పక్కన పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు పాపా. రేపొచ్చి తీసుకుంటా."

పుల్లక్క కళ్ళు చెంబుమీదికి తిరిగాయి. నొక్కుమీద ఆగాయి.

"ఎవరిదవ్వా?"

అన్ని రోజుల్లో అదే మొదటి మాట. అన్ని ఏళ్ళలో సుంకులమ్మ ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పింది. చెప్పి, కళ్ళు తుడుచుకుంది.

"ఆ పిల్ల మొహం నాకు గుర్తులేదమ్మీ. ఆరోజు చూసుంటే కదా గుర్తుండేది! పేరొక్కటే ఉంది నా దగ్గర. అది కూడా ఈ మధ్య ఒక్కోసారి జారిపోతోంది. నేను పోతే తలచేవాళ్ళు లేరు. నువ్వు గుర్తుపెట్టుకుంటావా?"

పుల్లక్క చెంబు చేతిలోకి తీసుకుంది. "ఈరమ్మ" అంది. తర్వాత, "చెంబు నల్లబడింది. చింతపండు ఉందా ఇంట్లో?" అంది. వాళ్ళత్త గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

రోజూ పుల్లక్క చెంబు తోమేది. రోజూ సుంకులమ్మ వచ్చి "రేపొచ్చి తీసుకుంటా" అనేది.

ఒకరోజు సుంకులమ్మ రాలేదు. పుల్లక్క ఎదురుచూసింది. 'రేపొస్తుందిలే' అనుకోలేదు. నెలలుగా గడప దాటని మనిషి చెంబు పట్టుకుని వీధిలో పరుగెత్తింది.

సుంకులమ్మ చాపమీద ప్రశాంతంగా ఉంది. ఊపిరి లేదు.

జనం చేరారు. చివరి స్నానం చేయించడానికి చూస్తే ఇంట్లో చెంబు లేదు, కుండ లేదు, దీపం పెట్టడానికి కుందె లేదు.

"ఊరందరి కుదువలు చూసిందే! సామానంతా ఏమైంది? ఎవరికి దోచిపెట్టిందో!" అందొక ఆడమనిషి.

పుల్లక్క ముందుకొచ్చి చెంబు కింద పెట్టింది. "ఇది నా దగ్గర పెట్టింది. నేను బతకాలని."

ఎగువూరినుంచి ముసలి మద్దిలేటి వచ్చాడు, తెడ్డు తెచ్చాడు. ఒకరు కుందె తెచ్చారు. ఒకరు చాట తెచ్చారు. ఒకరు రోకలి భుజాన వేసుకొచ్చారు. మధ్యాహ్నానికి గుడిసె నిండిపోయింది, వాకిలి నిండిపోయింది. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో పక్కింటికి ఆనాడే తెలిసింది. ఆఖరున రెడ్డి వచ్చాడు. మొలలోంచి ఆకువక్కకు సున్నం దాచే చిన్న సున్నపుకాయ తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"మా ఇంటిక్కూడా వచ్చింది" అన్నాడు. తలపాగా తీసేశాడు.

ఈరమ్మ చెంబుతోనే ఆమెకు నీళ్ళు పోశారు.

ఇప్పుడు ఆ బావులు పూడిపోయాయి. గరిగె ఎవరింట్లో ఉందో తెలియదు. కానీ ఆ వైపు ఊళ్ళలో, మనసు బాగాలేని ఇంటికి పోయినవాళ్ళు ఇప్పటికీ ఊరికే తిరిగిరారు, ఏదో ఒకటి అక్కడ వదిలివస్తారు. తువ్వాలో, చేతికర్రో, టిఫిన్ గిన్నో. "రేపొచ్చి తీసుకుంటా" అంటారు. అది సుంకులమ్మ కుదువ. ఎవరైనా కోలుకుంటే ఏమైందని అడగరు. "చేద పడింది, తీసినాం" అంటారు, అంతే. చేబదులు అడగడానికి ఎవరొచ్చినా, చేతిలో పని పక్కన పెట్టి ముందు మొహం చూస్తారు.

ఈరమ్మ చెంబు మాత్రం తిరుగుతూనే ఉంది. పుల్లక్క ఇంకొకరి దగ్గర పెట్టింది, ఆమె మరొకరి దగ్గర పెట్టింది. ఇచ్చేటప్పుడు పేరు చెప్పి ఇస్తారు, తీసుకునేవాళ్ళు ఒకసారి పలుకుతారు. ఈరోజు ఏ ఇంట్లో ఉందో గానీ, ఎవరో ఒకరు చింతపండుతో తోముతూనే ఉంటారు.