ఎలుగు అడగని మాట

కొండమల్లె అడవిలో ఎలుగుబంటి, ఉడుత, ముళ్ళపంది, కుందేళ్ళు, నెమళ్ళు కలిసిమెలిసి ఉండేవి. వానాకాలానికి కావలసిన తిండిని ఎండల్లోనే సేకరించి, అన్నీ ఒకే గుహలో దాచుకునేవి.

చలి తగ్గగానే ఏటా ఒక సభ జరిగేది. ఆ ఏడాది ఎవరు ఏమి తేవాలో అక్కడే తేల్చుకునేవి. ఆ సభకొక పద్ధతి ఉంది. ప్రతి జంతువూ ముందు తన వల్ల కానిదేమిటో చెప్పాలి. ఆ తరువాతే పనుల పంపకం.

ఈసారి పెద్దరికం ఎలుగుబంటికి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ దానికి కాళ్ళు నేల మీద నిలవలేదు.

"ఈ ఏడాది గుహలోకి రెండింతలు తిండి రావాలి. ఎవరేం చేయాలో నేనే ఆలోచించి పెట్టాను. కుదరదు, చేతకాదు అనే మాటలు నా సభలో వినపడకూడదు," అంది.

"మామా, ముందు అందరినీ అడుగు. ఎవరి ఇబ్బంది ఏమిటో తెలియకుండా ఏడాది పని ఎలా పంచుతావు?" అంది ముళ్ళపంది.

"అడిగితేనే ఇబ్బందులు పుట్టుకొస్తాయి. అడక్కపోతే పని జరిగిపోతుంది!" అని ఎలుగు నవ్వింది. దానికి చప్పట్లు కొట్టిన జంతువులు కూడా ఉన్నాయి, ఏం చేస్తాం!

ఎలుగుకు ప్రాణస్నేహితురాలు ఉడుత. రాతి గండికి అవతల దొరికే సారకాయలు తెచ్చే పని దానికి పడింది. కొమ్మ మీంచి కొమ్మకు దూకితే తప్ప ఆ గండి దాటడం కుదరదు. కిందంతా బండలు. మొన్నటి గాలివానలో ఉడుత వెనక కాలు బెణికింది. ఆ సంగతి ఎలుగుకు తెలియదు. పెద్దరికం వచ్చాక స్నేహితురాలిని పలకరించే తీరిక దానికెక్కడిది?

ఉడుత నోరు తెరవబోయింది.

"నువ్వు కూడానా? అందరి ముందూ నా పరువు తీయకు," అని ఎలుగు గొణిగింది. ఉడుత తలూపి ఊరుకుంది.

దుంపలు తెచ్చే పని పడిన ముళ్ళపంది మాత్రం తన జట్టులోని కుందేళ్ళను విడిగా కూర్చోబెట్టి అడిగింది. ముసలి కుందేలు ఎండలో తిరగలేనంది. దానికి నీడలో దుంపలు శుభ్రం చేసే పని ఇచ్చింది. వాటి వంతు దుంపలన్నీ వేళకు గుహ చేరాయి.

ఉడుత కొన్నాళ్ళు కుంటుతూనే గండి దాటింది. ఒక మధ్యాహ్నం కాలు పట్టు తప్పింది. ఎలుగు పరుగెత్తుకొచ్చేసరికి బండల మీద సారకాయలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఉడుతలో చలనం లేదు.

"ఒక్క మాట చెప్పి ఉంటే నేనే వద్దనేవాణ్ణి కదా!" అని ఎలుగు బావురుమంది.

"చెప్పబోయింది మామా. నువ్వే చెప్పనివ్వలేదు," అంది ముళ్ళపంది.

వానలు మొదలయ్యాయి. కుదరని పనులు నెత్తిన పడ్డ జంతువులు సగం సగమే తెచ్చాయి. ముళ్ళపంది జట్టు తెచ్చిన దుంపలే అందరినీ బతికించాయి. మరుసటి ఏడు పెద్దరికం ముళ్ళపందికే ఇచ్చాయి. ఎలుగు అందుకు బాధపడలేదు.

అది రోజూ గండి దగ్గరకు వెళ్ళి కూర్చునేది. "నీ కాలెలా ఉందే?" అని అడిగేది. బదులు చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

నీతి: పని పంచేవారు ముందుగా ఎదుటివారి కష్టం అడిగి తెలుసుకోవాలి. జరిగిపోయాక ఎంత అడిగినా లాభం లేదు.