కల్లంలో మంటలు

గుంటూరులోని ఒక కంప్యూటర్ కేంద్రంలో ఫణీంద్ర అనే ఇంజనీరు ఉండేవాడు. తెలివైనవాడే కానీ, తను తయారుచేసిన యంత్రాన్ని నమ్మినంతగా తన కళ్లను నమ్మేవాడు కాదు.

ఆ యంత్రం పని గొప్పదే. దేశంలోని వెబ్‌సైట్లలో రోజూ కొత్తగా చేరే ఫొటోలన్నీ అదే వెతికి తెచ్చేది. ఇది వరద, ఇది పెళ్లి, ఇది ఆవు అని ఒక్కొక్కదానికీ పేరు పెట్టేది. ఎక్కడైనా ప్రమాదం కనిపిస్తే గంట కొట్టేది. ఫణీంద్ర మాత్రం ఒక్క ఫొటో తెరిచి చూసేవాడు కాదు. "యాభై లక్షల ఫొటోలు చూసిన యంత్రం. ఇక నేను చూసేదేముంది?" అనేవాడు. ఆఖరికి క్యాంటీన్‌లో ప్లేటు ముందు పెడితే, అది ఉప్మా అవునో కాదో కూడా ఫోనునే అడిగేవాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం యంత్రం గణగణ మోగింది. రావులపాడు అనే పల్లె నుంచి, మిర్చి రైతుల వెబ్‌సైట్‌లో అప్పుడే చేరిన ఫొటో అది. 'భారీ అగ్నిప్రమాదం. తొంభై ఏడు శాతం ఖాయం' అని తెర మీద పడింది.

పక్క సీటులో ప్రమీల గారని పెద్దావిడ ఉండేవారు. "ఒక్కసారి ఆ ఫొటో తెరిచి చూడు నాయనా," అన్నారు.

"చూస్తూ కూర్చుంటే ఊరు కాలిపోతుందండీ!" అన్నాడు ఫణీంద్ర. ఫైరింజన్‌కు ఫోన్ చేశాడు. అంతటితో ఊరుకోలేదు. తన యంత్రం మొదటిసారి ఒక ఊరిని కాపాడుతుంటే చూడకుండా ఎలా ఉంటాడు? తనూ ఫైరింజన్ ఎక్కేశాడు.

రావులపాడు చేరేసరికి ఇంకా పొగమంచు విడలేదు. ఊరి బయట కల్లంలో అరెకరం మేర నేలంతా ఎర్రగా ఉంది. ఫైరింజన్ పెద్దాయన కళ్లు చిట్లించి చూశాడు. "సార్, వేడి తగలడం లేదే?" అన్నాడు.

ఫణీంద్ర ఫోను మీంచి తల ఎత్తలేదు. "తొంభై ఏడు శాతం అండీ! కొట్టండి నీళ్లు!" అన్నాడు.

నీళ్లు ఎగజిమ్మాయి. అంతలో వెంకాయమ్మ అనే రైతు చేతులు చాపి పైపుకి అడ్డంగా పరిగెత్తుకొచ్చింది.

"ఆపండయ్యో! అది నా మిరప పంట! తడిస్తే కాయంతా బూజు పట్టిపోద్ది, నా ఏడాది కష్టం నేలపాలవుద్ది!"

నీళ్లు ఆగాయి. వెంకాయమ్మ గుప్పెడు మిరపకాయలు తీసి ఫణీంద్ర ముక్కు కింద పెట్టింది. "ఇది నిప్పయితే నా చెయ్యి కాలాలిగా?"

ఫణీంద్ర వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు.

"ఏ ఊరు బాబూ నీది?"

"గుంటూరేనండీ," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

"గుంటూరులో పుట్టి మిరపకాయని నిప్పంటావా!" అంది వెంకాయమ్మ. ఫైరింజన్ వాళ్లు పగలబడి నవ్వారు. ఫణీంద్రకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

అదృష్టం కొద్దీ ఒక మూల మాత్రమే తడిసింది. అతను ప్యాంటు మడిచి, సాయంత్రం దాకా తడిసిన కాయల్ని ఏరి, పట్టా మీద పలచగా ఆరబోశాడు. మధ్యలో మరిచిపోయి కళ్లు నులుముకుని లబోదిబోమన్నాడు. వెంకాయమ్మకు జాలేసి గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. "నా పంట బాగుందని కొనేవాళ్లకి చూపిద్దామని పెట్టానయ్యా ఆ ఫొటో," అంది. మూడో రోజుకి కాయ మునుపటిలా గలగలమంది. ఆ మాట ఆవిడే ఫోన్ చేసి చెబితే గానీ ఫణీంద్రకి అన్నం సయించలేదు.

తర్వాతి వారం యంత్రం మళ్లీ గణగణలాడింది. 'భారీ అగ్నిప్రమాదం. తొంభై ఎనిమిది శాతం ఖాయం.' ఫణీంద్ర చెయ్యి ఫోను దాకా వెళ్లి ఆగింది. ముందు ఫొటో తెరిచాడు. ఏదో దుకాణంలో వరసగా వేలాడదీసిన ఎర్ర చీరలు! "ప్రమీల గారూ, మీరూ ఒకసారి చూస్తారా?" అని పిలిచాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆ రోజు ఫైరింజన్ షెడ్డులోంచి కదల్లేదు.

నీతి: ఎంత తెలివైన యంత్రం చెప్పినా సరే, ఒకరి మీదకి నీళ్లు కొట్టే ముందు మన కళ్లతో ఒకసారి చూసుకోవాలి.