గాడిద వీపుకు తెలిసిన దారి

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి ఎర్రకొండ అడవిలో ఉన్న ఒక్క నీళ్లగుంటా ఎండిపోయి, బురద కూడా పెచ్చులు లేచింది. ఇక దిక్కల్లా కొండకు అవతల రాళ్ల మధ్యనున్న మడుగు. ఊళ్లో బట్టలుతికే పోలయ్యకు రేవు అదే. జంతువుల్లో అక్కడికి దారి తెలిసింది పోలయ్య గాడిద గవరయ్యకు ఒక్కడికే. పోలయ్య కాలు బెణికి మంచమెక్కడంతో గవరయ్యకు వారం రోజులు సెలవు దొరికింది, అడవి అంచున హాయిగా మేస్తున్నాడు.

పొద్దున్నే జంతువులన్నీ ఊరి పొలిమేరలో చీలికబండ దగ్గర చేరాయి. అక్కడి నుంచి మూడు దారులు చీలతాయి. ముసలి దుప్పి సీతాలు ముందుకొచ్చింది.

"గవరయ్యా, మా మందలో మూడు పిల్లలు నిన్నటి నుంచి తూలుతూ నడుస్తున్నాయి. ఈ పూట నీళ్లు అందకపోతే దక్కవు. దారి చూపించు నాయనా."

"అదెంత పని పిన్నీ! పదేళ్లుగా రోజూ పోయేదే కదా," అంటూ గవరయ్య దర్జాగా బయల్దేరాడు. వెనకాల అడవంతా కదిలింది. కొంతసేపటికి అందరూ తిరిగి తిరిగి చీలికబండ దగ్గరికే వచ్చారు.

"ఇదేంటి, ఇక్కడా ఒక చీలికబండ ఉందా?" అన్నాడు గవరయ్య.

"అదే బండ. మనం బయల్దేరిందే ఇక్కడి నుంచి," అంది సీతాలు.

ఇంకో దారిన పోయారు. ముళ్ల డొంక అడ్డొచ్చింది, వెనక్కొచ్చారు. మూడో దారి పోలయ్య పెరట్లోకే పోతుంది, అది కాదని అందరికీ తెలుసు. గవరయ్య చెవులు వేలాడేశాడు.

"నాకు తెలుసు పిన్నీ. తెలుసని కూడా తెలుసు. కానీ గుర్తు రావట్లేదు. నాకేమైందో అర్థం కావట్లేదు."

ఇలాంటి సమయంలో సలహాలిచ్చేవాళ్లకు కొదవ ఉంటుందా? నక్క గొంతు సవరించుకుంది. బడి వెనక పొదలో దానికి ఒక బొరియ ఉంది. కిటికీ కింద పడుకుని పంతుళ్లు చెప్పేవన్నీ విని, తనంత చదువుకున్నది ఇంకొకటి లేదని నమ్మేది.

"జ్ఞాపకానికి పద్ధతులున్నాయోయ్. ముందు కళ్లు మూసుకో. రేవు, రేవు అని నూటెనిమిది సార్లు అను."

గవరయ్య అన్నాడు. నలభై దాకా వచ్చేసరికి లెక్క తప్పి మళ్లీ మొదలెట్టాడు.

"పోనీ, దారిలో కనిపించేవాటిని ఒక పాటలా అల్లుకో. చింతచెట్టు, పుట్ట, రాయి..."

"ముందు పుట్టా, రాయా?"

"అది నువ్వు చెప్పాలి!"

"నేనే చెప్పగలిగితే పాటెందుకు నక్క మావా?"

నక్క వినిపించుకోలేదు. సరస్వతి ఆకు నమలమంది. ఎడమకాలితో ఎడమ మలుపును తలుచుకోమంది. సలహాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేసరికి గవరయ్యకు ఎడమేదో కుడేదో కూడా తెలియకుండా పోయింది. చివరికి తన పేరేమిటని సీతాలునే అడిగాడు. పాపం, వాడి కళ్లు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. పెద్ద సాయం చేస్తున్నాననుకునే నక్కను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

సీతాలు నక్కను పక్కకు జరగమని, నెమ్మదిగా అడిగింది.

"నాయనా, రేవుకి పోయేటప్పుడు నువ్వు ఎలా పోతావు?"

"ఎలా ఏముంది, నడిచే."

"ఊరికే నడుస్తావా?"

"ఊరికే ఎందుకు? మాసిన బట్టల మూట ఉంటుందిగా వీపు మీద. అది అటూ ఇటూ ఊగుతుంటే కాళ్లు..." గవరయ్య ఆగిపోయాడు. "మూట లేకుండా నేనెప్పుడూ పోలేదు పిన్నీ!"

"అయితే ఆ దారి నీ తలలో కాదు, వీపులో ఉంది. నీ మీద ఎవరైనా ఎక్కాలి."

ఎండలో నడవడానికి బద్ధకించే నక్కకు ఇంతకంటే మంచి మాట ఏముంటుంది? "మీకోసం ఆ కష్టం నేను పడతాను," అంటూ ఒక్క దూకున ఎక్కి, మూటలా రెండు పక్కలా వేలాడింది.

గవరయ్య చెవులు లేచాయి. ఎవరినీ ఏమీ అడగలేదు. మొదటి దారిలోనే కొంత దూరం పోయి, ఇందాక దాటేసిన రాళ్ల సందులోకి తిరిగాడు. కొండ దిగాడు. ఎదురుగా మడుగు మెరిసింది. దుప్పిపిల్లలు మూతులు ముంచి తాగుతుంటే సీతాలు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నక్క మెడ దాకా మునిగి, బొర్లి, తోక కూడా నానబెట్టుకుంది. ఒంటి నుంచి నీళ్లు కారుతుండగానే గవరయ్య మీదికి మళ్లీ ఎక్కింది.

"పద, నన్ను చీలికబండ దగ్గర దించు. అక్కడి నుంచి మా బొరియ రెండడుగులే."

"నక్కా, తిరుగు దారిలో వాడికి ఏం అలవాటో కనుక్కున్నావా?" అంది సీతాలు.

"జ్ఞాపకం గురించి నాకు చెప్తావా? వచ్చిన దారినే పోతాం."

వీపు మీద తడి తగలగానే గవరయ్య నడక మారింది. ఆత్రంగా పరుగందుకున్నాడు. చీలికబండ వచ్చింది, దాటిపోయింది.

"ఆగు! ఆగవోయ్! ఇదే బండ, గుర్తు తెచ్చుకో!"

"తడిమూటతో ఇక్కడ ఆగినట్టు గుర్తు లేదు నక్క మావా," అన్నాడు గవరయ్య పరుగు ఆపకుండానే.

పోలయ్య పెరట్లో దండెం కిందకు వచ్చి నిలబడి, ఎప్పటిలాగే ఓండ్ర పెట్టాడు. పోలయ్య పెళ్లాం నరసమ్మ మొగుణ్ణి తిడుతూ బయటికొచ్చింది. మొహం ఇంకా ఇంట్లోకే తిప్పి ఉంది.

"వారం రోజులు కాలు, కాలు అంటూ మంచం దిగకపోతే ఊళ్లోవాళ్ల బట్టలు ఎవరు ఉతుకుతారయ్యా?" అంటూనే చెయ్యి చాచింది. తడిగా తగిలింది. ఇరవై ఏళ్లుగా ఆ చేతులు తడిదాన్ని పట్టుకుని ఏం చేస్తున్నాయో అదే చేశాయి. నక్క తోకను రెండు చేతులా పట్టి గట్టిగా మెలిపెట్టి పిండింది.

నక్క పెట్టిన కేకకు ఊరి కుక్కలన్నీ వచ్చాయి. అది ఏ దారిన పారిపోయిందో, ఎన్ని పొదలు దాటిందో దానికే గుర్తులేదు. దాని తోక మాత్రం ఇప్పటికీ ఒక పక్కకు మెలి తిరిగే ఉంటుంది.

ఇంకొకరి జ్ఞాపకం మీద ఎక్కి కూర్చునేవాడు, అది ఎక్కడ దింపుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి.